ఆబ్జెక్టివ్-సీలో + మెథడ్, - మెథడ్: మెసేజ్ ఎవరికి పంపుతున్నాం?

మీ స్టూడెంట్ క్లాస్‌లో సగటు మార్కులు లెక్కగట్టే మెథడ్‌కి ముందు + పెడితే మార్కుల వేరియబుల్ దగ్గర ఎర్రర్ వస్తోంది, - పెడితే [స్టూడెంట్ సగటు] అని (అంటే స్టూడెంట్ క్లాస్‌కి సగటు అనే మెసేజ్ పంపి) పిలవడం కుదరడం లేదు అన్నారు. జావా నుంచి ఐఫోన్ యాప్‌ల పనిలోకి వచ్చిన కొత్తలో నేనూ సరిగ్గా ఇక్కడే ఆగిపోయాను.

+ అంటే క్లాస్ మెథడ్, దాని మెసేజ్ క్లాస్‌కే పంపుతాం. - అంటే ఇన్‌స్టాన్స్ మెథడ్, దాని మెసేజ్ ఆ క్లాస్ నుంచి చేసిన ఒక్కో ఆబ్జెక్ట్‌కి పంపుతాం. పబ్లిక్, ప్రైవేట్‌లతో ఈ గుర్తులకు సంబంధం లేదు.

బస్సులో కండక్టర్ చేతిలో మిషన్ ఉంటుంది, మన చేతిలో టికెట్ ఉంటుంది. కొత్త టికెట్ కావాలంటే మిషన్‌ని అడగాలి. ఎక్కడిదాకా, ఎంత అన్నది టికెట్‌నే చూడాలి. మిషన్‌ని పట్టుకుని "ఛార్జీ ఎంత" అంటే ఏ టికెట్ గురించి చెప్తుంది? ఇక్కడ మిషన్ క్లాస్ లాంటిది, టికెట్ ఆబ్జెక్ట్ లాంటిది. రోజూ రాసే [[టికెట్ అలాక్] ఇనిట్] లైన్‌లో ఈ రెండూ ఉన్నాయి. అలాక్ పిలిచేటప్పటికి ఆబ్జెక్ట్ ఇంకా పుట్టలేదు, కాబట్టి క్లాస్‌నే అడుగుతాం, అది +. అది చేసి ఇచ్చిన ఆబ్జెక్ట్‌కి ఇనిట్ పంపుతాం, అది -.

ఇందులో నేను చేసిన తప్పు మీరు చేయకూడదని చెప్తున్నాను. బస్ టికెట్ల యాప్‌లో ఛార్జీ లెక్కగట్టే మెథడ్‌ని + తో రాశాను, ఆబ్జెక్ట్ లేకుండా ఎక్కడి నుంచైనా పిలవచ్చని. లోపల సీట్ల సంఖ్య వాడగానే, క్లాస్ మెథడ్‌లో ఇన్‌స్టాన్స్ వేరియబుల్ వాడుతున్నావని కంపైలర్ ఆపేసింది. ఎందుకు ఆపిందో ఆలోచించకుండా ఆ వేరియబుల్స్ తీసి ఫైల్ పైన స్టాటిక్‌గా పెట్టేశాను. ఎర్రర్ పోయింది. రెండు వారాల తర్వాత టెస్టింగ్ చేసే అమ్మాయి ఫోన్ తెచ్చి చూపించింది. వెళ్ళేటప్పుడు మూడు సీట్లు, వచ్చేటప్పుడు ఒక్క సీటు తీసుకుంది, స్క్రీన్ మీద మాత్రం రెండు ప్రయాణాలకూ ఒక్క సీటు ఛార్జీయే ఉంది. రెండో టికెట్ తన సంఖ్యని మొదటి దాని మీదే రాసేసింది. ఎందుకంటే స్టాటిక్‌గా పెట్టాక అన్ని టికెట్లకూ ఉన్నది ఒకటే వేరియబుల్. వాటిని మళ్ళీ ఆబ్జెక్ట్‌లోకి తెచ్చి, + ని - చేసి, పిలిచిన ప్రతిచోటా మార్చేసరికి ఒక పూట పట్టింది. కంపైలర్ మొదటి రోజే నిజం చెప్పింది.

జావా తెలిసినవాళ్ళు + ని స్టాటిక్ అని సరిపెట్టుకుంటారు. అక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. ఆబ్జెక్టివ్-సీలో క్లాస్ కూడా ఒక ఆబ్జెక్టే. దాని మెథడ్స్ మెటాక్లాస్‌లో (ఆ క్లాస్‌కే క్లాస్ అయినదానిలో) ఉంటాయి, సబ్‌క్లాస్ వాటిని ఓవర్‌రైడ్ చేయగలదు. + మెథడ్ లోపల సెల్ఫ్ అంటే మెసేజ్ అందుకున్న ఆ క్లాసే. అందుకే టికెట్ తయారుచేసి ఇచ్చే + మెథడ్‌లో క్లాస్ పేరు రాయకుండా [[సెల్ఫ్ అలాక్] ఇనిట్] అని రాయండి, రిటర్న్ టైప్ ఇన్‌స్టాన్స్‌టైప్ పెట్టండి. రేపు ఏసీటికెట్ అని సబ్‌క్లాస్ చేసి అదే మెథడ్ పిలిస్తే ఏసీటికెట్టే వస్తుంది. పేరు రాస్తే మామూలు టికెట్ వస్తుంది.

ఆబ్జెక్ట్‌కి పంపాల్సిన మెసేజ్ క్లాస్‌కి, లేదా క్లాస్‌కి పంపాల్సింది ఆబ్జెక్ట్‌కి పంపినా, వేరియబుల్ టైప్ ఐడీ (ఏ ఆబ్జెక్ట్‌నైనా పట్టుకునే టైప్) అయినప్పుడు కంపైలర్ ఆ తప్పు పట్టుకోలేకపోవచ్చు, యాప్ నడుస్తుండగా క్రాష్ అవుతుంది. అప్పుడు లాగ్‌లో "అన్‌రికగ్నైజ్డ్ సెలెక్టర్" లైన్ మొదట్లో గుర్తు చూడండి. +[టికెట్ ఛార్జీ] అని ఉంటే మెసేజ్ క్లాస్‌కి వెళ్ళింది, -[టికెట్ ఛార్జీ] అని ఉంటే ఆబ్జెక్ట్‌కి వెళ్ళింది. నేను ఇప్పటికీ ముందు ఆ ఒక్క గుర్తే చూస్తాను.

ఇక మీ కోడ్. మార్కులు ఒక్కో స్టూడెంట్‌కి వేరు, కాబట్టి సగటు - గానే ఉండాలి. ముందు అలాక్, ఇనిట్‌తో ఒక స్టూడెంట్‌ని చేసి, మార్కులు ఇచ్చి, ఆ వేరియబుల్‌కి సగటు మెసేజ్ పంపండి. క్లాస్ పేరుకి కాదు. ఇనిట్ రాయడం మర్చిపోవద్దు, ఒక్క అలాక్‌తో వచ్చిన ఆబ్జెక్ట్ ఇంకా వాడకానికి సిద్ధంగా ఉండదు.