సందేహాలు – సమాధానాలు: హెచ్‌ఐవీ ‘ఉన్న’ అమ్మాయి

సందేహం: 1998లో జపాన్‌లోని ఫుజీ టెలివిజన్ ప్రసారం చేసిన ‘కామిసామా, మో సుకోషి దాకే’ అనే ధారావాహికను ఈమధ్యే చూశాను. మిత్రుల కోసం దానికి తెలుగులో ఒక పరిచయం రాస్తూ, ‘ఇది హెచ్‌ఐవీ బాధితురాలైన ఒక హైస్కూల్ బాలిక ప్రేమకథ’ అని మొదలుపెట్టాను. చదివిన నా స్నేహితురాలు ‘బాధితురాలు’ అనకూడదని, ‘హెచ్‌ఐవీతో జీవిస్తున్న’ అనాలని దిద్దింది. ఆ మాట నాకు తెలుగులా వినిపించడం లేదు. ఏది సరైనది? ధారావాహిక పేరును ‘దేవుడా, మరి కొంచెం మాత్రమే’ అని అనువదించాను. అది కుదిరిందా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: మీ స్నేహితురాలి అభ్యంతరం న్యాయమైనదే. ఆవిడ సూచించిన మాట మీ చెవికి తెలుగులా వినిపించకపోవడమూ న్యాయమే. మీ ఇద్దరినీ తృప్తిపరచగల మాట మన ఇళ్లలో రోజూ నలిగేదే: ‘హెచ్‌ఐవీ ఉన్న అమ్మాయి’.

‘మా అత్తగారికి బీపీ ఉంది’, ‘ఆయనకు పదేళ్లుగా షుగర్ ఉంది’, ‘ఆ పిల్లాడికి ఆయాసం ఉంది’ అంటాం కదా. ఈ వాక్యాలలో మనిషి పేరుకు ‘కు’ చేరుతుంది, జబ్బు కర్త స్థానంలో నిలుస్తుంది, ‘ఉంది’ అనే క్రియ ఆ రెండింటినీ కలుపుతుంది. ‘ఆయనకు ఇద్దరు కొడుకులు ఉన్నారు’, ‘ఆమెకు మంచి జ్ఞాపకశక్తి ఉంది’ అనే వాక్యాల నిర్మాణం కూడా ఇదే. మనిషికి ఉన్న అనేక విషయాలలో జబ్బు ఒకటి అవుతుందే తప్ప, మనిషి జబ్బులో కలిసిపోయి కనిపించకుండా పోడు. ఇంత మర్యాదగల వాక్యనిర్మాణం భాషలోనే ఉండగా, ఎయిడ్స్ సంగతి వచ్చేసరికి మాత్రం మన పత్రికల రాత దాన్ని పక్కన పెట్టి వేటగాడి భాషను ఎత్తుకుంది. ‘బారిన పడ్డాడు’ అనేది పులి బారిన పడ్డవాడికి చెప్పే మాట. ‘కాటేసింది’ పాము గురించిన మాట. ‘మహమ్మారి’ ఊళ్లను ఊడ్చేసే దేవత పేరు. ‘వ్యాధిగ్రస్తుడు’ అనేది సంస్కృతం కావడం వల్ల గౌరవంగా వినిపిస్తుంది గాని, గ్రస్తమంటే మింగబడినది అని అర్థం; పంచాంగంలో ‘రాహుగ్రస్త సూర్యగ్రహణం’ అని రాసేది ఆ అర్థంలోనే. హెచ్‌ఐవీ ఉన్న పదిహేడేళ్ల అమ్మాయి కాలేజీకి వెళుతుంది, ప్రేమిస్తుంది, అమ్మతో పోట్లాడుతుంది. ఆమెను మింగబడినదని ఎలా అంటాం?

‘బాధితురాలు’ అనే మాటను కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే అది అన్నిచోట్లా తప్పు కాదు. సంస్కృతంలో ‘బాధ్’ ధాతువుకు పీడించు, అడ్డుకొను అనే అర్థాలున్నాయి. ఈనాటి తెలుగులో ‘వరద బాధితులు’, ‘చిట్‌ఫండ్ మోసం బాధితులు’ అన్నప్పుడు ఒక విపత్తో, ఒక దోషో ఉండి, దానివల్ల నష్టపోయినవారికి న్యాయమో పరిహారమో అందవలసి ఉందనే ధ్వని వస్తుంది. జపాన్‌లోనే ఈ మాట అక్షరాలా వర్తించే సందర్భం ఒకటి ఉంది. హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉన్నవారికి రక్తం గడ్డకట్టడానికి ఇచ్చే మందులను వేడితో శుద్ధి చేయకుండా 1980ల తొలి సంవత్సరాలలో వాడడం వల్ల అక్కడ వెయ్యిమందికి పైగా హెచ్‌ఐవీ సంక్రమించింది. వారు ప్రభుత్వం మీదా, మందుల కంపెనీల మీదా దావాలు వేసి ఏళ్ల తరబడి పోరాడారు. ఆరోగ్య మంత్రిగా ఉన్న నావోతో కాన్ 1996 ఫిబ్రవరిలో వారికి క్షమాపణ చెప్పారు, మార్చిలో రాజీ కుదిరింది. అలా సంక్రమించినవారిలో ఒకరైన ర్యూహెయి కవాడా 1995లో, పందొమ్మిదేళ్ల వయసులో, తన పేరూ ముఖమూ దాచకుండా ప్రజల ముందుకు వచ్చారు. 2007లో పార్లమెంటు ఎగువ సభకు ఎన్నికయ్యారు. వీరిని ‘బాధితులు’ అనడం సరైన తెలుగు. వారు ఒక అన్యాయానికి బాధితులు, ఆ అన్యాయం చేసినవారు ఎవరో అందరికీ తెలుసు.

మీరు రాస్తున్న ధారావాహికలోని కానో మసాకి సంగతి వేరు. ఆమె తాను ఆరాధించే సంగీత నిర్మాత కేయిగో కచేరీకి టికెట్ కొనడానికి డబ్బు కావాలని, ముక్కూమొహం తెలియని ఒక పెద్దవాడితో గడుపుతుంది. అలా హెచ్‌ఐవీ సంక్రమిస్తుంది. ఆమెను బాధితురాలు అనదలిస్తే, పిల్లను డబ్బిచ్చి కొనుక్కున్న ఆ పెద్దవాడి చేతిలో బాధితురాలు అనండి. నేను నిండు మనసుతో ఒప్పుకుంటాను. ‘హెచ్‌ఐవీ బాధితురాలు’ అన్నప్పుడు మాత్రం ఆ మనిషి వాక్యంలోంచి తప్పుకుంటాడు, నేరం ఒక సూక్ష్మజీవి మీదికి పోతుంది.

ఇక ‘హెచ్‌ఐవీతో జీవిస్తున్న’ అనే ప్రయోగం. దీన్ని తేలికగా కొట్టిపారేయలేను, ఎందుకంటే దాని వెనుక జబ్బు ఉన్నవారి మాటే ఉంది. 1983లో అమెరికాలోని డెన్వర్ నగరంలో సమావేశమైన కొందరు, తమను ‘బాధితులు’ అని పిలవడాన్ని ఖండిస్తూ, తాము ఎయిడ్స్ ఉన్న మనుషులమని ప్రకటించారు. తరవాతి కాలంలో ‘జీవిస్తున్న’ అనే మాట కూడా దానికి చేరింది. చావు మాటే వినిపిస్తున్న రోజులలో బతుకు మాటను పట్టుబట్టి చేర్చుకోవడంలోని అవసరం మనకు అర్థమవుతుంది. చిక్కు మన ‘తో’ ప్రత్యయంలో ఉంది. తృతీయా విభక్తిలోని ‘తో’కు తోడు అనే అర్థమూ ఉంది, సాధనమనే అర్థమూ ఉంది. ‘తమ్ముడితో వచ్చాడు’ అంటే తోడు, ‘కత్తితో కోశాడు’ అంటే సాధనం. ‘బతుకు’, ‘జీవించు’ అనే క్రియల పక్కన ఈ ‘తో’ చేరితే మొదట స్ఫురించేది సాధనార్థమే: ‘పింఛనుతో బతుకుతోంది’, ‘కూలి డబ్బులతో జీవిస్తున్నారు’. మీ చెవికి తగిలిన ఎబ్బెట్టుతనం ఇదే. ‘జ్వరంతో పరీక్ష రాశాడు’ అనే వాక్యం ఎబ్బెట్టుగా ఉండదు, ఎందుకంటే పరీక్ష రాయడానికి జ్వరం సాధనమని ఎవరూ అనుకోరు. కాబట్టి ‘హెచ్‌ఐవీతోనే చదువు పూర్తిచేసింది’, ‘హెచ్‌ఐవీతో ఇరవై ఏళ్లుగా ఆరోగ్యంగా ఉంది’ వంటి వాక్యాలు నిక్షేపంగా రాయవచ్చు. ప్రభుత్వ పత్రాలలో, సంఘాల పేర్లలో ‘హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు’ స్థిరపడుతోంది. అక్కడ దాన్ని మార్చవలసిన పని లేదు. ‘హెచ్‌ఐవీతో సహజీవనం’ అని మాత్రం ఎప్పుడూ రాయకండి. పెళ్లి కాకుండా కలిసి కాపురం చేయడం అనే అర్థం ఈ రోజుల్లో ఆ మాటను పూర్తిగా ఆక్రమించుకుంది.

మీ పరిచయంలో క్రియలు కూడా వస్తాయి గనుక మీరు అడగని మాట ఒకటి చెబుతాను. ‘హెచ్‌ఐవీ అంటుకుంది’ అని రాయవద్దు. అంటడమంటే తాకడం. నిప్పు అంటుకుంటుంది, చేతికి మసి అంటుతుంది, ఎంగిలి గిన్నెలు అంట్లు అవుతాయి. ఆ ధాతువు నుంచే ‘అంటుముట్టు’, ‘అంటరాని’ అనే మాటలు పుట్టి మనుషులను వెలివేశాయి. తాకితే, పక్కన కూర్చుంటే, కలిసి భోంచేస్తే హెచ్‌ఐవీ రాదు. అది రక్తం, వీర్యం, యోనిస్రావాలు, తల్లిపాలు వంటి శరీర ద్రవాల ద్వారానే వస్తుంది. అటువంటిదాన్ని ‘అంటు’ అనడం వైద్యపరంగానూ తప్పు, మన సామాజిక చరిత్ర తెలిసినవారికి మరింత తప్పు. ‘సోకు’ కూడా మొదట తాకడమే. ‘గాలి సోకింది’, ‘దయ్యం సోకింది’ అనే వాడుకలున్నాయి, పాత కావ్యాలలో ‘సోకు’ అంటే రాక్షసుడనే అర్థం కూడా ఉంది. అయితే ఈనాటి వాడుకలో ఆ స్పర్శార్థం చాలావరకు అరిగిపోయింది, పట్టణాలలోనూ పల్లెలలోనూ ‘వైరస్ సోకింది’ అని మామూలుగా అంటున్నారు. దాన్ని నిషేధించడం నా ఉద్దేశం కాదు. నాకు మాత్రం ‘సంక్రమించింది’ అనే మాట మీద ఎక్కువ మక్కువ. సూర్యుడు ఒక రాశి నుంచి మరొక రాశికి దాటడం సంక్రమణం, తండ్రి ఆస్తి కొడుక్కి దాటడమూ సంక్రమించడమే. ఒకచోటి నుంచి మరోచోటికి దాటిందని చెప్పి ఊరుకునే మాట అది, ఎవరినీ నిందించదు.

నింద ఎక్కువగా దాగేది ‘కొను’ అనే సహాయక క్రియలో. ‘జబ్బు వచ్చింది’, ‘జబ్బు చేసింది’ అన్నప్పుడు తప్పు ఎవరిదీ కాదు. ‘జబ్బు తెచ్చుకుంది’, ‘తగిలించుకుంది’ అనేసరికి వాక్యం తీర్పు చెప్పేస్తుంది. మసాకి గురించి ‘ఎయిడ్స్ తెచ్చుకుంది’ అని రాసి, తరవాత ఎంత సానుభూతి ఒలికించినా, ఆ ‘కొను’ చేసిన పని చెరిగిపోదు.

‘ఎయిడ్స్’ అనే మాట విషయంలో జపనీయులు పాటించే వివేకం మనమూ పాటించదగినది. అక్కడి లెక్కలలో హెచ్‌ఐవీ ‘కన్‌సెన్‌షా’లనూ, ఎయిడ్స్ ‘కన్‌జా’లనూ వేరువేరుగా చూపుతారు. మొదటిది వైరస్ సంక్రమించిన మనిషి, రెండోది జబ్బు పడిన రోగి. (‘కన్‌సెన్’ అనే మాటలోని రెండో అక్షరానికి అద్దకం, రంగు పట్టడం అని అర్థం, సంక్రమణాన్ని వాళ్లు బట్టకు పట్టే రంగుగా ఊహించారు.) ఒంట్లో వైరస్ ఉండడం హెచ్‌ఐవీ ఉండడం. చికిత్స లేకుండా ఏళ్లు గడిచి, రోగనిరోధక శక్తి బాగా క్షీణించి, ఇతర జబ్బులు చుట్టుముట్టిన దశ ఎయిడ్స్. కథ ఏ దశలో ఉందో చూసుకుని ఆ మాటే వాడండి. ‘హెచ్‌ఐవీ వైరస్’ అనవసరం, ‘వీ’ అంటేనే వైరస్. ఆ ధారావాహిక ప్రసారమైన సంవత్సరమే జపాన్ పార్లమెంటు అంటురోగాల చట్టాన్ని కొత్తగా రాసింది. 1999 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన ఆ చట్టం, కుష్ఠు, ఎయిడ్స్ ఉన్నవారి పట్ల గతంలో అకారణమైన వివక్ష ఉండేదన్న నిజాన్ని తన ప్రవేశికలోనే ఒప్పుకుంది.

‘మందు లేని జబ్బు’ అని రాసే అలవాటు కూడా మనకుంది. తెలుగులో ‘మందు’ అనే ఒక్క మాట చికిత్సకూ, పూర్తిగా నయం కావడానికీ రెండింటికీ చెల్లుతుంది గనుక ఇక్కడ పొరపాటు సులువుగా జరుగుతుంది. హెచ్‌ఐవీని ఒంట్లోంచి పూర్తిగా తీసేసే మందు అందరికీ అందుబాటులో లేదు, నిజమే. అదుపులో ఉంచే మందులు 1996 నుంచే ఉన్నాయి. మన దేశంలో 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది, అలా మొదలుపెట్టిన ఆరు రాష్ట్రాలలో ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. క్రమంగా వేసుకుంటే రక్తపరీక్షలో వైరస్ కనిపించనంతగా తగ్గుతుంది, అప్పుడు లైంగిక సంపర్కం ద్వారా మరొకరికి సంక్రమించదు. కాబట్టి ‘ప్రాణాంతకమైన’ అనే విశేషణం వేయక తప్పదనుకుంటే ‘ఆనాడు ప్రాణాంతకమని అందరూ భయపడిన’ అని కాలాన్ని చేర్చండి.

‘హైస్కూల్ బాలిక’ అన్నది పైకి నిర్దోషంగా కనిపించే మాట. జపాన్‌లో హైస్కూల్ అంటే తొమ్మిదేళ్ల చదువు ముగిశాక వచ్చే మూడేళ్లు, సుమారు పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల వయసు. మన పాఠకుడికి హైస్కూల్ అనగానే పదో తరగతితో ముగిసే బడి, రెండు జడల పిల్ల కళ్ల ముందు కదులుతుంది. ‘ఇంటర్ వయసు అమ్మాయి’ అనండి, లేదా సూటిగా ‘పదిహేడేళ్ల అమ్మాయి’ అనండి. మసాకి చిక్కుకున్న, జపనీయులు ‘ఎన్‌జో కోసాయ్’ అని పిలిచిన వ్యవహారానికీ ఇదే జాగ్రత్త కావాలి. మాటకు మాట పెడితే అది ‘సహాయ సాంగత్యం’ అవుతుంది. వినడానికి ఏదో ధర్మకార్యంలా ఉంటుంది. ‘వ్యభిచారం’ అంటే నింద మొత్తం ఆడపిల్ల నెత్తిన పడుతుంది. ‘పెద్దవయసు మగవాళ్లు డబ్బిచ్చి బడిపిల్లలను వెంట తిప్పుకోవడం’ అని వివరంగా రాస్తే కర్త ఎవరో స్పష్టంగా ఉంటుంది. పద్దెనిమిదేళ్లలోపు వారిని అలా కొనడాన్ని దేశమంతటికీ వర్తించేలా శిక్షించే చట్టం జపాన్‌లో అమలులోకి వచ్చింది 1999 నవంబరులో, అంటే ఈ ధారావాహిక ముగిసిన ఏడాది తరవాత.

పేరు సంగతి. ‘కామి’ దేవుడు, ‘సామా’ గౌరవవాచకం, ‘మో సుకోషి’ మరి కొంచెం, ‘దాకే’ మాత్రమే. మాటలన్నీ మీరు సరిగ్గానే పట్టుకున్నారు, కాని వాక్యం చేజారింది. తెలుగులో ‘మరి కొంచెం మాత్రమే’ అంటే మిగిలింది కొంచెమేనని తెలియజేయడం; ‘బియ్యం మరి కొంచెం మాత్రమే ఉన్నాయి’ అన్నట్టు. జపనీయ భాషలో వేడుకునేటప్పుడు వచ్చే ‘దాకే’ అడిగేదాన్ని తగ్గించి, అడిగేవారిని వినయంగా నిలబెడుతుంది. మనం ఆ పనిని ‘ఒక్క’తోనో ‘ఏ’తోనో చేస్తాం: ‘ఒక్క రెండు రోజులు ఆగండి’, ‘ఇంకాస్తే, అయిపోతుంది’. మరి కొంతకాలం బతకనిమ్మని ఒక చిన్నపిల్ల వేడుకునే పేరది. గౌరవవాచకం ఉంది కదా అని ‘భగవంతుడా’ అంటే పూజగదిలోకి వెళ్లిపోతుంది. కష్టంలో మన నోట అప్రయత్నంగా వచ్చేది ‘దేవుడా’నే. ‘దేవుడా, ఇంకాస్తే…’ అని, చివర మూడు చుక్కలతో రాయండి. ఏమి కావాలో ఆమె మూలంలోనూ చెప్పలేదు.