ఫంగస్‌లో మెలనిన్ ఉంటే మందులు పనిచేయవా?

ప్రశ్న: నా వయసు 47. ఐదేళ్ల క్రితం పాదం మీద ముల్లు గుచ్చుకుంది. అక్కడ లేచిన చిన్న పొక్కు మెల్లగా పులిపిరికాయల గుంపులా పెరిగింది. పులిపిర్లే అనుకుని ఏవేవో పూతమందులు రాశాను. ఈమధ్య బయాప్సీ చేసి క్రోమోబ్లాస్టోమైకోసిస్ అనే ఫంగస్ జబ్బు అని తేల్చారు. ఫంగస్ కణకవచంలో మెలనిన్ అనే ముదురు రంగు పదార్థం ఉంటుందని, అది మొండిదని డాక్టర్ అన్నారు. ఇది బ్లాక్ ఫంగసా? చర్మం రంగు తగ్గించే క్రీము రాస్తే ఆ మెలనిన్ పోతుందా? ఫంగస్‌ను చంపే ఇట్రాకొనజోల్ మందు రెండు నెలలుగా వాడుతున్నాను. పైన ఎండిపోయింది, ఇక ఆపేయవచ్చా?

జవాబు: చివరి ప్రశ్నకు ముందు చెబుతాను. దయచేసి ఆపకండి. మీ పాదంలో పైకి కనిపించేది ఎండింది, లోపల ఉన్నది చనిపోయిందని ఇంకా తేలలేదు.

మీ పులిపిర్ల మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు ఉండే ఉంటాయి. వాటిని కాస్త గీరి, గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే గుండ్రని గోధుమరంగు కణాలు రాగి నాణేల్లా కనిపిస్తాయి. మందపాటి గోడ, లోపల అడ్డంగా నిలువుగా గీతలు. ఏ రంగూ అద్దనక్కర్లేదు, ఆ రంగు వాటి సొంతం. అదే మెలనిన్.

ఫంగస్‌ను తినేయడానికి వచ్చిన తెల్ల రక్తకణాలు దాని మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి ఘాటైన రసాయనాలు గుమ్మరిస్తాయి. మామూలు సూక్ష్మజీవి ఆ దెబ్బకు చస్తుంది. మెలనిన్ మాత్రం ఆ దాడిని చాలావరకు తనలోకి పీల్చుకుంటుంది. కణకవచానికి గట్టిదనం కూడా ఇస్తుంది. మెదడుపొరల వాపు తెచ్చే క్రిప్టోకాకస్ అనే ఫంగస్‌దీ ఇదే పద్ధతి. అది మెదడులో దొరికే డోపమైన్ వంటి పదార్థాలనే మెలనిన్ తయారీకి ముడిసరుకుగా వాడుకోగలదు. యాంఫోటెరిసిన్-బి వంటి ఫంగస్ మందును ఈ మెలనిన్ పట్టి ఉంచుతుందని ప్రయోగశాలలో తేలింది. అంతమాత్రాన మందులు పనిచేయవని కాదు, ఎక్కువ కాలం వాడాలని అర్థం. ఈ జబ్బుకు సాధారణంగా ఆరు నుంచి పన్నెండు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మచ్చ మానాక కూడా మళ్లీ ముక్క తీసి పరీక్షించి, ఫంగస్ లేదని నిర్ధారించుకున్నాకే ఆపాలి. మొండిగా మిగిలిన చిన్న భాగాలను ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి తీసే మార్గమూ ఉంది.

రంగు తగ్గించే క్రీముల సంగతి గట్టిగానే చెప్పాలి. అవి చర్మకణాల్లో మెలనిన్ తయారీని తగ్గించేవి. ఈ ఫంగస్ తన మెలనిన్‌ను ప్రధానంగా వేరే దారిలో తయారుచేసుకుంటుంది, పైగా అది ఉండేది చర్మం లోపలి పొరల్లో. అలాంటి క్రీములు కొన్నింటిలో స్టెరాయిడ్ కలుస్తుంది. అది అక్కడి రోగనిరోధక శక్తిని అణచి, ఫంగస్‌కే మేలు చేస్తుంది.

ఇది బ్లాక్ ఫంగస్ కాదు. ఆ పేరుతో పిలిచే మ్యూకర్‌మైకోసిస్‌లో నల్లబడేది రక్తం అందక చచ్చిన మన కణజాలం. అది రోజుల్లో ముదురుతుంది. మీది ఏళ్ల తరబడి పాకే జబ్బు, ఇంట్లోవాళ్లకు అంటుకోదు.

ఇట్రాకొనజోల్ క్యాప్సూల్‌ను భోజనం అయిన వెంటనే వేసుకోండి. ఎసిడిటీ మాత్రలు వాడితే ఇది ఒంటికి సరిగా పట్టదు. గుండె వైఫల్యం ఉన్నా, కొలెస్ట్రాల్‌కు సిమ్వాస్టాటిన్ వంటివి వాడుతున్నా మీ డాక్టర్‌కు ఇప్పుడే చెప్పండి. మధ్యమధ్య కాలేయ పరీక్షలు చేయించుకోండి. కళ్లు పచ్చబడినా, కాళ్లు వాచినా, ఆయాసం వచ్చినా అదే రోజు డాక్టర్‌ను కలవండి. మచ్చలో మానని పుండు పడినా, ఒక భాగం ఉన్నట్టుండి ఎదిగినా ఆలస్యం చేయకుండా చూపించండి. ఏళ్ల తరబడి ఉన్న మచ్చల్లో అరుదుగా క్యాన్సర్ వస్తుంది.

నెలకోసారి పక్కన స్కేలు పెట్టి, ఒకే వెలుతురులో పాదం ఫొటో తీసుకోండి. తర్వాతిసారి వెళ్లినప్పుడు అవన్నీ వరుసగా డాక్టర్‌కు చూపించండి.