సప్లై-యూజ్ పట్టికల్ని నేరుగా సీజీఈ మోడల్‌లో పెట్టొచ్చా?

కేంద్ర గణాంక శాఖ ఇచ్చే సప్లై-యూజ్ పట్టికలు (ఏ ఉత్పత్తిని ఏ పరిశ్రమ తయారుచేస్తుంది, ఎవరు వాడతారు అని చూపేవి; 2011-12 సిరీస్‌లో 140 ఉత్పత్తులు, 66 పరిశ్రమలు) సీజీఈ మోడల్‌లో, అంటే మొత్తం ఆర్థిక వ్యవస్థను సమీకరణాలతో చూపే నమూనాలో, అలాగే వాడొచ్చా అని అడిగారు. కుదరదు. ముందు సోషల్ అకౌంటింగ్ మాట్రిక్స్ కట్టాలి, అంటే ఉత్పత్తులు, పరిశ్రమలు, కుటుంబాలు, ప్రభుత్వం లాంటి ఖాతాల మధ్య డబ్బు ఎటు నుంచి ఎటు పోతుందో చూపే పట్టిక. అందులో ప్రతి ఖాతాకూ అడ్డవరుస రాబడి, నిలువువరుస ఖర్చు. రెండు మొత్తాలూ సమానం కావాలి.

అసలు చిక్కు ధరల దగ్గరే. మదనపల్లె టమాటా కోయంబేడు మార్కెట్ మీదుగా మన చెన్నై వంటింటికి చేరేసరికి రైతుకు అందింది వేరు, మనమిచ్చింది వేరు. ఆ తేడాను టమాటా ఖాతాలోనే ఉంచేయకుండా రవాణా, వ్యాపారం, పన్నుల ఖాతాలకు విడగొట్టాలి. ఇక్కడ పొరపాటు పడితే పన్ను మార్పుల మీద మోడల్ చెప్పేదేదీ నమ్మలేం.

మన దేశంలో ఇంకో పెద్ద పని మిశ్రమ ఆదాయం. సొంత పొలం, సొంత కొట్టు ఉన్నవాళ్ల సంపాదనలో కూలి ఎంత, పెట్టుబడి రాబడి ఎంత అన్నది జాతీయ ఖాతాలు విడదీసి చెప్పవు. శ్రామిక సర్వేల్లోని వేతనాలు చూసి మీరే పంచాలి. ఏ నిష్పత్తి వాడారో, ఎందుకో తప్పకుండా రాసిపెట్టుకోండి.

అడ్డవరుస, నిలువువరుస మొత్తాల మధ్య మిగిలే చిన్న తేడాలకు ఆర్‌ఏఎస్ లేదా క్రాస్ ఎంట్రోపీ పద్ధతి చాలు; ఇవి పట్టికలోని అంకెల్ని కొద్దికొద్దిగా సవరించి మొత్తాల్ని కలిపే లెక్కలు. పెద్ద తేడా కనిపిస్తే మాత్రం దయచేసి దాన్ని సాఫ్ట్‌వేర్‌కు వదిలేయకండి. ఏదో అంకె రెండుసార్లు పడి ఉండొచ్చు, వెతకండి.