మద్యం ఆగిన రోగి వార్డులో నర్సును ఎందుకు కొడతాడు?

రోజూ తాగే మనిషి కాలు విరిగి వార్డులో చేరాడు, మూడో రాత్రి సెలైన్ పీకేసి నర్సును కొట్టాడు, ఎందుకని అడిగారు. అది పొగరు కాదు, జబ్బు. చివరిసారి తాగిన 48–96 గంటల్లో చేతులు వణికి, చెమటలు పట్టి, లేని పురుగులు కనిపిస్తాయి. సాయానికి చాచిన చెయ్యి కూడా దాడిలా తోస్తుంది.

వణుకు మొదలైనప్పుడే డాక్టరుకు చెప్పాలి, లోరజెపామ్ లాంటి, మెదడును శాంతపరిచే మందు అప్పుడే పడాలి. షుగర్ కూడా చూడండి, పడిపోయినా ఇలాగే చేస్తారు. దగ్గరికి ఒంటరిగా వెళ్లొద్దు. మెడలో స్టెతస్కోపు, ఐడీ కార్డు తాడు తీసేయండి. మణికట్టు పట్టుకుంటే ఊరికే వెనక్కి గుంజొద్దు, అతని బొటనవేలి వైపు తిప్పి లాగితే పట్టు వదులుతుంది. కొరికి రక్తం వస్తే కుళాయి కింద సబ్బుతో కడిగి వెంటనే క్యాజువాలిటీలో చూపించుకోండి. హెచ్ఐవీ నివారణ మందులు అవసరమైతే 72 గంటలు దాటకముందే మొదలుపెట్టాలి.