మాస్కు పెట్టుకోని రైతును లెక్కలోకి తీసుకో

చి. ప్రసన్నకు పెదనాన్న ఆశీస్సులు.

కెన్యా ఉద్యోగం ఖాయమైందని, పోస్టింగు ఉగాండా సరిహద్దులో ఉన్న బుసియా అని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. పురుగుమందులను పరీక్షించడం ఒకటి, వాటిని జాగ్రత్తగా వాడటం రైతులకు నేర్పడం ఇంకొకటి, రెండూ నీ పనేనట. నేను అటువైపు దేశాల్లో పనిచేసిన రోజుల్లో చూసిందేమిటంటే, అందరూ రెండోదాని మీదే పడతారు. పోస్టర్లు అంటించడం, గ్లవ్స్ పంచడం, గ్రూప్ ఫోటో దిగడం తేలిక కదా. నువ్వు మాత్రం మొదటిదానికి ఎక్కువ టైం పెట్టు. మందు ఎంపికే తప్పైతే ఎన్ని ట్రైనింగులు పెట్టినా దాని విషం తగ్గదు.

ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. పురుగుమందుల మీద ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ), ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) కలిసి నడిపే అంతర్జాతీయ నియమావళి ఉంది. దాని 3.6 అంశం చదువు. ఒంటికి ఇబ్బందిగా ఉండే, ఖరీదైన, సులువుగా దొరకని రక్షణ దుస్తులు వేసుకుంటే తప్ప వాడలేని మందులకు దూరంగా ఉండాలని, వేడి దేశాల్లో చిన్న రైతుల విషయంలో మరీ ముఖ్యమని అందులో ఉంది. బుసియాలో వీపున ట్యాంకు మోసే కుర్రాడు చొక్కా విప్పేసి, వట్టి కాళ్లతో మందు కొడతాడు. వరంగల్ పత్తి చేలో కూడా అంతే కదా. కాబట్టి మందును అంచనా వేసేటప్పుడు మాస్కు, బూట్లు ఉన్న మనిషిని కాదు, ఈ కుర్రాణ్ణి ఎదురుగా పెట్టుకో. అతని చేతిలో పెట్టలేని మందు ఎంత బాగా పురుగును చంపినా నీ జాబితాలోకి రాకూడదు.

అక్కడ నీకు మొదట ఎదురయ్యేది మనకు తెలిసిన కత్తెర పురుగే. 2016లో పశ్చిమ ఆఫ్రికాలో కనబడి, 2017కల్లా కెన్యా చేరింది. 2018లో కర్ణాటకలో బయటపడి మన మొక్కజొన్న చేలకూ వచ్చేసింది. ఆకు మీద చిల్లు కనబడగానే రైతు మందు అడుగుతాడు. ముందు చేనులో డబ్ల్యూ ఆకారంలో నడిచి, అయిదు చోట్ల ఆగి, ఒక్కోచోట పది ఇరవై మొక్కల సుడులు, అంటే నడిమధ్య చుట్టుకుని ఉండే లేత ఆకులు, విప్పి చూడు. లేత పైరులో నూటికి ఇరవై, ఎదిగిన పైరులో నలభై మొక్కల దాకా పురుగు ఉంటేనే మందు ఆలోచన చెయ్యమని చిన్న రైతులకు అక్కడ చెబుతారు. పూత, పీచు వచ్చాక కొట్టొద్దంటారు. ఇక పురుగు పెద్దదై సుడిలోకి దిగి, పైన రెట్టతో బిరడా వేసుకుందా, నువ్వు ఏ మందు కొట్టినా అది ఆకు మీద పడేదే గానీ దాన్ని అందుకోదు. చిన్న పురుగులున్నప్పుడు, సాయంత్రం పూట, నాజిల్ సుడిలోకి వంచి కొట్టాలి. ఎక్కువమంది తీసిపారేసిన "పనిచేయని మందులు" నిజానికి ఆలస్యంగా కొట్టిన మందులే.

ట్రయల్ వేసేటప్పుడు రీసెర్చ్ స్టేషన్‌తో సరిపెట్టుకోకు, రైతు షాంబాలో కూడా వెయ్యి. షాంబా అంటే అక్కడ చేను. మందు కొట్టని ప్లాటు ఎలాగూ పెడతావు. దానితోపాటు రైతు తనంతట తాను చేసే పద్ధతికీ ఒక ప్లాటు ఇవ్వు. సుడిలో బూడిదో ఇసుకో వేసేవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. దాన్ని చూసి నవ్వకుండా లెక్కకట్టు. ఇంకో ప్లాటులో పుష్-పుల్ పెట్టు. మన దేశం నుంచి వెళ్లిన శాస్త్రవేత్త జియావుర్ ఖాన్, విక్టోరియా సరస్సు ఒడ్డున ఎంబితాలో ఉన్న ఇసిపే అనే కీటకాల పరిశోధన సంస్థ కేంద్రంలో ఏళ్ల తరబడి దాన్ని రూపుదిద్దాడు. సాళ్ల మధ్య డెస్మోడియం అనే మొక్క వేస్తే దాని వాసనకు తల్లి పురుగు మొక్కజొన్నను వదిలిపోతుంది. గట్టున వేసిన నేపియర్ గడ్డి దాన్ని తనవైపు లాక్కుంటుంది. అక్కడ జొన్న, మొక్కజొన్న వేళ్లను పీల్చే స్ట్రైగా కలుపును కూడా డెస్మోడియం అణిచేస్తుంది. డెస్మోడియం, నేపియర్ రెండూ పశువుల మేతకు పనికొస్తాయి. మందుల ఫలితాన్ని దీనితో పోల్చకుండా రాసిన రిపోర్టును నేనైతే సగం రిపోర్టనే అంటాను.

ఎన్ని పురుగులు చచ్చాయన్న శాతం దగ్గర ఆగిపోకు. సాలీళ్లు, చెవిపురుగులు, గుడ్లను తినే పరాన్నజీవులు ఎన్ని మిగిలాయో కూడా రాయి. చివరికి డబ్బు లెక్క వెయ్యి. కెన్యాలో మొక్కజొన్నను 90 కిలోల బస్తాతో లెక్కిస్తారు. మందు ధర, కూలి, నీళ్లు మోసిన శ్రమ కలిపితే ఎన్ని బస్తాలవుతుంది, దానివల్ల అదనంగా ఎన్ని బస్తాలొచ్చాయి? రైతు అడిగేది ఇదొక్కటే.

మందు ఎంత విషమో చెప్పే లేబుల్ రంగుల దగ్గర మనవాళ్లు పొరబడతారు, జాగ్రత్త. మన సీసా మీద కోణం మీద నిలబెట్టిన చతురస్రం ఉంటుంది, దాని కింది సగంలో రంగు. అక్కడ లేబుల్ అడుగున పట్టీ ఉంటుంది. రంగులు అవే నాలుగు: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. అర్థాలు మాత్రం ఒకటి కాదు. ఎలుకల్లో సగం చావడానికి కిలో బరువుకు ఎన్ని మిల్లీగ్రాములు పడతాయన్న లెక్కలో మన పసుపు 51 నుంచి 500 దాకానే. డబ్ల్యూహెచ్‌ఓ లెక్కలో పసుపు పట్టీ 50 నుంచి 2000 దాకా. అంటే 1000 ఉన్న మందు మన దగ్గర నీలం, అక్కడ పసుపు. పైగా ఈ రంగులన్నీ వెంటనే కనబడే విషం గురించే చెబుతాయి. మాంకోజెబ్ అనే తెగుళ్ల మందు ఆ వర్గీకరణలో అన్నిటికన్నా కింద ఉంటుంది, అయినా ఆరోగ్య కారణాలు చూపి యూరప్ 2020లో దాని అనుమతిని పొడిగించలేదు. టమాటా రైతు ఇంట్లో అదే డబ్బా నీకు కనబడుతుంది. ఆకుపచ్చ పట్టీ అంటే భయం లేదని ఎవరైనా అంటే అక్కడికక్కడే సరిచెయ్యి.

పురుగు మీద ఫలితం ఒక్కటే చూస్తే ఏమవుతుందో చెప్పడానికి అన్నిటికన్నా గట్టి ఉదాహరణ పశ్చిమ ఆఫ్రికా దేశం బెనిన్. పత్తిలో శనగపచ్చ పురుగు పైరెత్రాయిడ్ల రకం మందులకు లొంగడం మానేసిందని 1999 సీజనులో ఎండోసల్ఫాన్ అనే మందు తెచ్చి పంచారు. పురుగు మీద బాగానే పనిచేసింది. మనుషులూ చనిపోయారు. చేలో కొట్టినవాళ్లే కాదు, పత్తి మధ్యలో వేసిన తిండి పంట తిన్నవాళ్లు కూడా. పురుగుపై ఫలితం ఒక్కటే చూసి మార్కులేస్తే ఆ మందుకు ఫస్ట్ క్లాస్ వచ్చేది. 2011లో, చాలాకాలం విడవకుండా ఉండిపోయే విష రసాయనాలపై దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం దాన్ని నిషేధ జాబితాలో చేర్చింది, అదే ఏడాది మన సుప్రీంకోర్టూ ఆపేసింది. అక్కడ నేల గురించి తెలిసినవాళ్లతో మాట్లాడేటప్పుడు ఇలాంటివి ఎత్తితే నీ మాటకు బలం వస్తుంది.

వెళ్లగానే ఆఫీసర్లను కలుస్తావు, సరే. కానీ మొదటి వారంలోనే ఆగ్రోవెట్ షాపులు తిరుగు. పురుగుమందులు, విత్తనాలు, పశువుల మందులు అమ్మే కొట్లవి. రైతుకు అసలు డాక్టరు ఆ కొట్టువాడే, అతనితో తగవు పెట్టుకుంటే నీ పని సాగదు. కెన్యాలో మందులకు అనుమతి ఇచ్చేది పెస్ట్ కంట్రోల్ ప్రొడక్ట్స్ బోర్డు. దాని రిజిస్ట్రేషన్ నంబరు లేబుల్ మీద ఉందా, గడువు దాటిందా, స్వాహిలీలో సూచనలున్నాయా చూడు. సరిహద్దు కాబట్టి ఉగాండా సరుకు కూడా దొరుకుతుంది. అది నకిలీ కాకపోవచ్చు, కానీ కెన్యాలో అనుమతి లేని మందును నువ్వు సిఫారసు చెయ్యకూడదు. పెద్ద డబ్బాలోంచి సోడా సీసాలోకి పోసి అమ్మేది కనబడితే మాత్రం మొహమాటపడకు. సీసా చూసి తాగేసే పిల్లలు అక్కడా ఉంటారు, ఇక్కడా ఉంటారు.

ఇంకొకటి, పేర్లు వేరైనా లోపలి మందు ఒకటే కావడం. ఎమామెక్టిన్ బెంజోయేట్ అక్కడ బోలెడు పేర్లతో దొరుకుతుంది. రైతు ఒకటి పనిచేయలేదని ఇంకోటి కొంటాడు, రెండూ అదే. పురుగు అలవాటు పడిపోతుంది. పురుగును చంపే తీరునుబట్టి మందు ఏ గ్రూపుదో తెలిపే నంబరుంటుంది. దాన్నిబట్టి మార్చడం నేర్పు, పేరునుబట్టి కాదు.

వాడకం గురించి తక్కువే చెబుతాను, నీకు తెలుసు. చిక్కటి మందు చేతికి తగిలేది కలిపేటప్పుడే. ఒకే ఒక్క వస్తువు కొనే స్తోమత ఉన్న రైతుతో మాస్కు కన్నా ముందు నైట్రైల్ గ్లవ్స్ కొనిపించు. కారే ట్యాంకుకు వాషరు మార్పించు. ఒక ట్యాంకు ఎంత నేలకు వస్తుందో మంచినీళ్లతో నడిచి కొలిపించు. డోసు తప్పులు అక్కడే పుడతాయి. ఖాళీ డబ్బాలు మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లులు పెట్టించు. మందు కొట్టేది మగవాళ్లయినా ఆ బట్టలు ఉతికేది, నీళ్లు మోసేది ఆడవాళ్లు. మీటింగుకు వాళ్లు రాకపోతే ఆ మీటింగు మళ్లీ పెట్టు.

కోతకు ముందు ఇన్ని రోజులు ఆగాలన్న నియమం మాత్రం అక్కడ కష్టం. సుకుమా వికీ అని ఆకుకూర ఉంటుంది, ఇంటింటా వారం వారం ఆకులు కోస్తూనే ఉంటారు. పద్నాలుగు రోజులు ఆగమంటే ఎవరూ ఆగరు. కాబట్టి దానికి ఒకటి రెండు రోజుల గడువున్న మందే ఎంచు, లేదా మందు వద్దను. నిల్వ గింజల్లో చేలో కొట్టే మందు కలపడం ఇంకా ప్రమాదం. నైజీరియాలో బొబ్బర్ల పురుగుకు ఇళ్లలో డైక్లోర్‌వాస్ అనే పురుగుమందు చల్లుతున్నారని 2019లో చిన్న సీసాల అమ్మకమే ఆపాల్సి వచ్చింది. గాలి చొరబడని మూడు పొరల సంచి వాడితే ఏ మందూ అక్కర్లేదు, కామెరూన్ బొబ్బర్ల రైతుల కోసం మొదలైన పద్ధతే అది.

ట్రయల్ మొదలుపెట్టకముందే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లి, కొన్ని పురుగుమందుల విషానికి విరుగుడైన అట్రోపిన్ ఎప్పుడూ ఉంటుందా అని కనుక్కో. చెమట, చొంగ, చూపు మసక, కంటిపాప సూదిమొనంత కావడం చూస్తే మందు విషం ఎక్కిందని అనుకోవాలని నీ కూలీలందరికీ చెప్పు. మనిషితోపాటు లేబుల్ కూడా ఆసుపత్రికి వెళ్లాలి, అది తప్పనిసరి.

షాపులు తిరిగినప్పుడు లేబుళ్ల ఫోటోలు తీసి నాకు పంపు. బోర్డు జాబితా ముందు పెట్టుకుని ఇద్దరం ఒక్కొక్కటీ చూద్దాం. మీ పెద్దమ్మ కంది పొడి కట్టి పెట్టింది, సామానులో సర్దుకో.

ఆశీస్సులతో,
పెదనాన్న