తురాయా తెప్పించొద్దు అన్నా

అన్నా, సిరోంచ అడవిలో సర్వేకి వెళ్లే తమ్ముడికి దుబాయ్ నుంచి తురాయా శాటిలైట్ ఫోన్ తెప్పించాలా, ఇరిడియం శాటిలైట్ ఫోనా అని అడిగారు. దయచేసి రెండూ వద్దు. టెలికాం శాఖ అనుమతి లేకుండా అవి మన దేశంలో చట్టవిరుద్ధం. ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు, కేసవుతుంది. పైగా సిరోంచ ఉన్నది గడ్చిరోలి జిల్లాలో, నక్సల్ ప్రాంతంగా పేరుపడ్డ చోటు.

సక్రమమైన దారి బీఎస్ఎన్ఎల్. ఇన్‌మార్‌శాట్ ఉపగ్రహాల మీద నడిచే ఫోన్ ఇస్తారు. సంస్థ పేరు మీద అప్లై చేయించండి, కాగితాలకు టైం పడుతుంది.

ఒక్కటి గుర్తుంచుకోమనండి: ఆ ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున, మనకు ఆకాశంలో ఒకేచోట కదలనట్టు ఉంటుంది. అటువైపు అడ్డం లేకుండా ఉండాలి. టేకుచెట్ల కింద నాకు సిగ్నల్ ఒక్క గీత రాలేదు. ప్రాణహిత నది ఇసుకలోకొచ్చి, యాంటెన్నా నిలబెట్టి దక్షిణం వైపు తిరిగాక నిమిషంలో దొరికింది. స్పేర్ బ్యాటరీ తప్పనిసరి.