నీళ్ల గది తాళంచెవి నీ దగ్గరే ఉండాలి

అమ్మాయీ,

డయాలసిస్ యూనిట్ బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. మెషిన్ల గురించి నీకు నేను చెప్పాల్సిందేమీ లేదు. నీళ్ల గది సంగతి మాత్రం చెప్పాలి. పంపు ఆగితే తప్ప అటువైపు ఎవరూ తొంగిచూడరు.

నాలుగు గంటల్లో ఒక్క పేషెంటుకు దాదాపు 120 లీటర్ల నీళ్లు వాడతాం. ఆ నీటికీ రక్తానికీ మధ్య ఉండేది పల్చటి పొర ఒక్కటే.

అందుకే పొద్దున్నే ప్లాంటును 15 నిమిషాలు నడవనిచ్చి, నీటిలోని క్లోరిన్‌ను పట్టేసే మొదటి కార్బన్ ట్యాంకు తర్వాత ఉన్న కుళాయి దగ్గర టోటల్ క్లోరిన్ (క్లోరిన్, క్లోరమైన్ రెండూ కలిపి) చూడు. లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. ప్రతి షిఫ్టుకు ముందూ చూడాల్సిందే. ‘ఆర్‌ఓ మీటరు బాగానే ఉంది కదా’ అంటారు. ఆ మీటరుకు లవణాలే తెలుస్తాయి. నీటి శుద్ధికి కలిపే క్లోరమైన్ ఆర్‌ఓను కూడా దాటి వెళ్లి ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. మొదటి ట్యాంకు దగ్గర రీడింగ్ పెరిగితే వెంటనే రెండోదాని తర్వాత చూడు. అక్కడా ఎక్కువగా ఉంటే డయాలసిస్ ఆపెయ్. ఎవరు కేకలేసినా సరే.

రిజిస్టరులో నెలంతా ఒకే అంకె కనిపిస్తే నమ్మకు. ఒకప్పుడు నేనూ హడావుడిలో నిన్నటి అంకె రాసేశాను. ఆ మర్నాడు నిజంగా పరీక్ష చేస్తే క్లోరిన్ ఉన్నట్టు రంగు మారింది. ముందురోజు ఎంత ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.

నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో కూడా కనుక్కుంటూ ఉండు. 1996లో బ్రెజిల్‌లోని కరువారులో ట్యాంకర్లతో తెచ్చిన నీటిలో నాచు విషం ఉండి, 50 మందికి పైగా డయాలసిస్ పేషెంట్లు చనిపోయారు.

కల్చర్‌కు (నీటిలో సూక్ష్మజీవులను పెంచి లెక్కించే పరీక్షకు) శాంపిల్ లూప్ (మెషిన్లకు నీళ్లు మోసే పైపుల వలయం) చివర నుంచి, మెషిన్ల దగ్గర నుంచి కూడా తీయించు. పరిమితి మిల్లీలీటరుకు 100 సూక్ష్మజీవుల కాలనీలు అయినా, 50 దగ్గరే లూప్ డిస్ఇన్ఫెక్షన్ చేయించు. ఎండోటాక్సిన్ పరీక్ష మానొద్దు. సూక్ష్మజీవులు చచ్చినా వాటి విషం మిగులుతుంది. ఒకే షిఫ్టులో ఇద్దరికి చలి, వణుకు వస్తే ముందు నీళ్లనే అనుమానించు.

ఇక చేతుల సంగతి. ఒక పేషెంటు దగ్గర వాడిన గ్లవ్స్‌తో ఇంకొకరిని ముట్టుకోనివ్వకు. గ్లవ్స్ తీశాక చేతులు కడుక్కోవాల్సిందే. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందును పేషెంట్లకు దూరంగా, శుభ్రమైన బల్ల మీద సిద్ధం చేయించు. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు గది, మెషిన్ రెండూ వేరుగా ఉండాలి. ఆ వైరస్ ఎండిన రక్తపు మరకలో ఏడు రోజులైనా బతికి ఉంటుంది.

వచ్చే వారం వస్తాను. ముందు నీళ్ల గదికే వెళ్దాం.